ట్రాక్టరు చప్పుడులో చెప్పిన మాట

పోయిన వారం మనం శివజ్యోతిని భీమక్క ఇంటి పడసాలలో, ఉగ్గాని పళ్ళెం ముందు, తెరిచిన నోరు తెరిచినట్టే వదిలేసి వచ్చాం. పాపం వారం రోజులుగా అలాగే కూర్చుని ఉంది. ముందు ఆ నోరు మూయించడం మన బాధ్యత.

మధ్యలో ఏ వారమైనా పత్రిక ఇంట్లోకి రాకముందే పక్కింటివాళ్ళు పట్టుకుపోయి ఉంటే, చదవలేకపోయిన మీ కోసం నాలుగు మాటలు. శివజ్యోతిది కర్నూలు పక్కన కల్లూరు. తండ్రి రామాంజి బండల పాలిష్ యూనిట్ నడుపుతాడు. ఆమె ఆంత్రోపాలజీలో ఎమ్మే రెండో ఏడు. పల్లెల్లో పెళ్ళి సంబంధాలు ఎలా కలుపుకుంటారన్న దాని మీద డిసర్టేషన్ రాయడానికి మేకలదొడ్డికి వచ్చి, భీమక్క, ఆంజనేయ దంపతుల ఇంట్లో దిగింది. ఊళ్ళో ఇంటింటికీ తిరిగి, పిల్లను ఏ ఊరికిస్తారు, ఏ ఊరి నుంచి తెచ్చుకుంటారు, మేనమామకు ఇస్తారా అని అడిగింది. భీమక్క కూతురు భువన గురించి ఇంకాస్త ఎక్కువ అడిగింది. ఎందుకంటే భువనను భీమక్క తమ్ముడు వీరభద్రకే ఇవ్వాలని ఎప్పటి నుంచో అనుకున్నారు. పుస్తకంలో చదివింది కళ్ళముందు కనిపిస్తే ఏ విద్యార్థికైనా ఉత్సాహమే కదా.

అయితే ఆ పక్క మగపెళ్ళివాళ్ళు నేరుగా రారు. ముందు ఒక ఆడమనిషిని పంపుతారు. విత్తనాలు కావాలనో, మజ్జిగ ఉందా అనో వచ్చి, కూర్చుని, పిల్ల సంగతులన్నీ విచారించి పోతుంది. ఎందుకొచ్చిందో ఆమె చెప్పదు. ఎందుకొచ్చిందో తమకు తెలుసని వీళ్ళూ చెప్పరు. ఇప్పుడు మీరే ఆలోచించండి. అదే కులం పిల్ల, పెళ్ళి కావలసిన అన్న ఉన్న పిల్ల, చదువు పేరు చెప్పుకుని వచ్చి, ఇన్ని ఆరాలు తీస్తే ఊరు ఏమనుకోవాలి? అదే అనుకుంది. సోమవారం బంధువులందరి ముందూ భీమక్క ఆకు, వక్క, టెంకాయ పెట్టిన పళ్ళెం చేతికిచ్చింది. ఆ ఊళ్ళో ఆకువక్క పుచ్చుకుంటే సంబంధానికి మాట పుచ్చుకున్నట్టే. ఫీల్డులో ఎవరేమిచ్చినా కాదనకూడదని క్లాసులో నేర్చుకున్న శివజ్యోతి, రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకుంది.

గురువారం పొద్దున పొరుగింటి ఈరక్క వచ్చి, "ఏమే ఆడబిడ్డా, మీ యన్నకు మీసాలుండాయా, గీక్కున్యాడా?" అని అడిగింది. నోరు తెరుచుకుంది అప్పుడే.

"మా అన్న మీసాలతో నీకేం పని అవ్వా?"

"నాకేం పని మే? భువనకు పని." ఈరక్క శివజ్యోతి పళ్ళెంలోంచే గుప్పెడు ఉగ్గాని తీసుకుని నోట్లో వేసుకుంది. "మాట పుచ్చుకున్నోళ్ళు మొగం సూపీల్లేదంటే ఎట్ల? ఆంజనేయ ఈ పొద్దో రేపో మీ ఇల్లు సూడను కల్లూరికి పోతానంటాండాడు."

ఈసారి శివజ్యోతి నోరు దానంతటదే మూసుకుంది.

వెనక్కి తిరిగి చూసుకుంటే అన్నీ వరసగా కనిపించాయి. సోమవారం దాకా ఆమెకు జొన్నరొట్టె, పుండికూర. ఆ మర్నాటి నుంచి నెయ్యి కారుతున్న ఓళిగలు. సోమవారం దాకా ఆమె భీమక్కను 'పెద్దమ్మా' అని పిలిచేది. ఆ సాయంత్రమే భీమక్క, "పెద్దమ్మ ఏందిలే పాపా, అత్తా అను, బాగుంటాది" అంది. పెద్దమ్మ కూతురైతే అన్నకు చెల్లెలవుతుంది, చేసుకోకూడదు. అత్త కూతురైతే చేసుకోవచ్చు. ఈ పిలుపుల లెక్క మీద మొదటి సెమిస్టర్‌లో శివజ్యోతికి క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆ లెక్క నడిచి వచ్చి తన ఒళ్ళోనే కూర్చుంటే మాత్రం గుర్తుపట్టలేదు. అత్తా అంటే నిజంగానే బాగుంది అనుకుంది.

"అది సరేగానీ," ఈరక్క వదల్లేదు, "ఆడబిడ్డ సదువుకు ఏం ఉద్యోగమొస్తాదంట భీమక్కా? టీచరా?"

"టీచరూ అవుతాదంట, కాకపోతే మ్యూజియంలో పెడతారంట," అంది భీమక్క, రోట్లో శెనక్కాయలు దంచుతూ.

"బతికున్న మనిషిని మ్యూజియంలో పెడతారా?"

మరో రోజైతే శివజ్యోతి నవ్వి, ఓపిగ్గా చెప్పేది. చెప్పింది కూడా, చాలాసార్లు. ఈ చదువు చదివినవాళ్ళు కాలేజీల్లో పాఠాలు చెబుతారు, గిరిజన సంక్షేమంలో పనిచేస్తారు, ఫ్యాక్టరీ కోసం భూములు తీసుకునే ముందు ఆ ఊరివాళ్ళ బతుకు ఏమవుతుందో సర్వే చేస్తారు. మాత్రలు ఉచితంగా ఇస్తున్నా తల్లులు ఎందుకు మింగడం లేదో ఆసుపత్రులవాళ్ళకు తెలుసుకుని చెబుతారు. మిక్సీలు చేసే కంపెనీలు కూడా, ఆడవాళ్ళు దాన్ని కొన్నాక అటక మీద ఎందుకు పెడుతున్నారో చూసి రమ్మని వీళ్ళనే పంపుతాయి. ఇదంతా విన్న రోజున భీమక్క, "అంటే ఊరూరికీ పోయి ఈరక్క చేసే పనే చేస్తే జీతమిస్తారన్నమాట" అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

ఆమెకు కావలసిన ఉద్యోగం ఇంకొకటి ఉంది. నల్లమల చెంచు గూడేల్లో తల్లీబిడ్డల ఆరోగ్యం మీద ఒక ప్రాజెక్టు మొదలవుతోంది. డిసర్టేషన్ బాగా వస్తే అందులో తీసుకుంటామని ఆమె గైడు సుందరలక్ష్మి మేడం అన్నారు. ఇప్పుడు నిజం చెబితే బంధువుల ముందు భీమక్క పరువు పోతుంది, మేకలదొడ్డిలో ఒక్క తలుపూ తెరుచుకోదు, డిసర్టేషన్ సగంలో ఆగుతుంది. చెప్పకపోతే తన మూలంగా ఒక పిల్లకు కుదిరిన పెళ్ళి చెడుతుంది.

మిద్దె మీదికి పోతే గానీ సిగ్నల్ అందదు. ఎండలో మిద్దెక్కి మేడంకు ఫోన్ చేసి అంతా చెప్పింది.

మేడం, కొత్త చీర చూసినవాళ్ళ గొంతుతో, "ఎంత మంచి డేటా శివా!" అన్నారు.

"మేడం, ఒక పిల్ల పెళ్ళి చెడిపోతోంది."

"అవునవును. నిజం చెప్పెయ్. నీ తప్పు నీది, చెప్పుకోవచ్చు. కానీ ఒక్కటి. నిన్ను నమ్మి ఒకరు చెప్పింది ఇంకొకరి చెవిన వేశావంటే నువ్వు పరిశోధకురాలివి కావు, వీధి కొళాయివి. వాళ్ళ గుట్టు నీ సొత్తు కాదు. అర్థమైందా?"

అర్థమైంది. అది ఎంత ఖరీదైన సలహానో తెలియడానికి ఇంకో అరగంట పట్టింది.

ఆమె మిద్దె దిగేసరికి వాకిట్లో ట్రాక్టరు ఆగి ఉంది. దాని పక్కన తువ్వాలు భుజాన వేసుకున్న పొడవాటి మనిషి. వీరభద్ర. ఆదోని మార్కెట్‌కు పత్తి తోలి, అటు నుంచి అటే అక్క ఊరికి వచ్చినట్టున్నాడు, మీసాల నిండా పత్తి నూగు. పడసాలలో ఈరక్క చేరగిలబడి కూర్చుంది. ఆమె వెనక ఇంకో నలుగురు ఆడవాళ్ళు, వాళ్ళకు ఈ ఇంట్లో ఏం పనో ఎవరూ అడగలేదు. భీమక్క రోకలి పక్కన పెట్టి చూస్తోంది. వంటింటి తలుపు సందులో భువన పైట కొంగు కనిపిస్తోంది.

"నువ్వేనామ్మా కల్లూరు నుంచి వచ్చింది?" అన్నాడు వీరభద్ర.

"నేనే. అన్నా, ముందు నా మాట విను. ఇదంతా..."

ఆయన చెయ్యెత్తి ఆపాడు. పడసాల వైపు చూశాడు. అక్కడ అన్ని తలలూ ఒక్కసారే కొంచెం ముందుకు వంగాయి. వీరభద్ర ట్రాక్టరెక్కి స్టార్టు చేశాడు. గడగడమని ఇల్లంతా అదిరింది. కోళ్ళు గడ్డివామి వెనక్కి పారిపోయాయి. ఆయన దిగివచ్చి, ఇంజను పక్కన నిలబడి, ఇట్రమ్మని సైగ చేశాడు.

"ఆ సంబంధం నిజమేనా?" అని అరిచాడు.

"కాదు!" అని అరిచింది శివజ్యోతి.

"ఆఁ?"

"కాదన్నా! తెలియక తీసుకున్నా! ఇప్పుడే పోయి అందరికీ చెప్పేస్తా!"

"చెప్పొద్దు!"

ఆమె సరిగ్గా వినలేదేమో అనుకుంది. ఆయన మళ్ళీ, ఇంకా పెద్దగా, "చెప్పొద్దమ్మా! నీ కాళ్ళు మొక్కుతా!" అన్నాడు.

పడసాలలో వాళ్ళకు ఇందులో ఒక్క ముక్కా వినపడలేదు. కనిపించింది మాత్రం, నోళ్ళు బారెడు తెరిచి, చేతులు ఊపుకుంటూ అరుచుకుంటున్న ఇద్దరు మనుషులు. "కొడతాడేమో మే, ఎవురన్నా పోండి," అంది ఈరక్క, తను మాత్రం కదలకుండా.

"భువన పుట్టినబ్బుడు నాకు పదేండ్లు," అని అరిచాడు వీరభద్ర. ఆ మాట ఎవరైనా మెల్లగా చెప్పుకునేది. ఆయనకు ఆ అదృష్టం లేదు. "మాయమ్మ సచ్చిపోయింటే అక్కే నన్ను సాకింది. దాన్ని ఎత్తుకొని తిరిగినా. జెడలేసినా. సైకిలు నేర్పించినా. ఇబ్బుడు పెండ్లాము అనుకో అంటే యాడ అనుకుందును?"

"మీ అక్కకు చెప్పొచ్చు కదా!"

ఆ మాటకు ఆయన ముఖం, ట్రాక్టరును ఒంటిచేత్తో లేపమన్నట్టుగా అయింది. "అక్కకా? ఇంతవరకూ అక్క ఏమడిగినా వద్దనలేదు. నోరు రాదమ్మా. భువన అడిగినా అంతే. ఆ ఇద్దరికీ వద్దని చెప్పే నోరు నాకు ఆ దేముడు ఈలేదు. నువ్వొచ్చి ఆకువక్క పుచ్చుకున్యావని ఇనంగానే గుడికాడికి పోయి పెద్దమ్మవ్వకు టెంకాయ కొట్టినా."

శివజ్యోతి ఇంజను వైపు చూసింది. ఏం చూడాలో తెలియనప్పుడు అది కాస్త ఉపయోగపడింది.

"మీ యన్న మంచోడేనా?"

"మంచివాడే!"

"తాగుతాడా?"

"టీ!"

"ఇంకేం!" వీరభద్ర తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. చెమట తుడుచుకున్నాడో, ఇంకేదైనా తుడుచుకున్నాడో మనకెందుకు. "ఇది నీకూ నాకూ మద్దెనే ఉండల్ల. ఎవురికీ చెప్పనని ఒట్టెయ్!"

నిజానికి అప్పుడే ఆమె ఆగి ఆలోచించి ఉండాలి. కానీ మనుషుల దగ్గర సంగతులు అడిగే ముందు 'మీరు చెప్పింది ఎవరికీ చెప్పను' అనడం ఆమెకు ఈ రెండేళ్ళలో నమస్కారమంత అలవాటైపోయింది. "ఎవ్వరికీ చెప్పను, ఒట్టు!" అని గొంతు చించుకుని అరిచింది. సరిగ్గా ఆ 'ఒట్టు' దగ్గర వీరభద్ర చెయ్యి చాపి ఇంజను ఆపేశాడు.

నిశ్శబ్దంలో ఆ ఒక్క మాట వీధి చివరి దాకా వినిపించింది.

"ఏం ఒట్టు మే?" అంది ఈరక్క.

జవాబు చెప్పే పని లేకుండా భువన వచ్చి శివజ్యోతి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది. భువనకు ఇరవై ఒకటి, డిగ్రీ అయిపోయింది. మామూలుగా నెమ్మదైన పిల్ల. ఇప్పుడు మాత్రం ముఖం పొయ్యి ముందు కూర్చున్నదానిలా ఎర్రగా ఉంది.

"మామ నిన్ను శానా తిట్టినాడాక్కా?"

"తిట్టలేదు భువనా."

"నాకు చెప్పొద్దులే, చూసినా గదా. ఆయప్ప గొంతు పైకి లేసింది నేను పుట్టినాక చూళ్ళేదు. ఎద్దును కూడా మెల్లగానే అదిలిస్తాడు. నాకోసం అంత అరిచినాడంటే..." మాట పూర్తి చేయకుండా ఆ పిల్ల పైటతో నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకుంది. 

శివజ్యోతి వంటింటి తలుపు దగ్గరగా వేసింది.

"నీకు మీ మామంటే..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. ఊళ్ళో ముసలీ ముతకా అందరినీ, ఎవరు ఎవరికి ఏమవుతారని అడిగింది. ఒకే ఇంట్లో తిని పడుకుంటున్న ఈ పిల్లను 'నీకేం కావాలి' అని ఒక్కసారి కూడా అడగలేదు. ప్రశ్నల పట్టికలో ఆ ప్రశ్నే లేదు. "భువనా, నీకేం కావాలి?" అని అడిగింది.

"మొదట నీ సదువు కావాల," అంది భువన టక్కున. ఎవరైనా అడిగితే చెప్పాలని సిద్ధం చేసుకున్నట్టుంది. "ఎంట్రన్సు రాసినా. అమ్మకు తెలీదు. కౌన్సిలింగు వచ్చే నెల. నువ్వు చెప్పినావు గదా, ఆసుపత్రులోళ్ళు మనుషుల్ని తెలుసుకోను మనుషుల్ని పెట్టుకుంటారని. మా ఊర్లో మిరపకాయలు కొయ్యను గుంటూరికి పోయే ఆడోళ్ళు బిడ్డల్ని యాడ వదిలిపోతారో, ఆ బిడ్డలకు ఏమవుతాదో, ఎవురూ రాసిండరు. నేను రాస్తా."

శివజ్యోతి గోడకు ఆనుకుంది. తన డిసర్టేషన్ కంటే ఇదే మంచి అంశమని ఒక మూల నుంచి అనిపించింది. ఇప్పుడు అసూయ పడే సమయం కాదని ఇంకో మూల నుంచి మనసు మందలించింది.

"మరి పెళ్ళి?"

"అందుకే మామ. కొత్తింటికి పోతే ఎవురు పంపిస్తారక్కా ఎమ్మేకు? మీ యింట్లోనే అనుకో, పొద్దున్నే బండల యూనిట్‌కు క్యారియరు కట్టల్ల. మామనైతే అడిగినా. సదువుకో భువనా అన్నాడు. ఆయప్ప నాకు దేనికీ వద్దనడు."

"దానికోసమేనా?"

భువన పెనం మీది రొట్టెను తిప్పింది. అవసరానికి మించి ఒకసారి ఎక్కువే తిప్పింది. "దానికోసం ఒకటే కాదులే," అంది రొట్టెతో. తర్వాత తలెత్తి, "అక్కా, ఈ సంగతి ఎవురికీ చెప్పాకు. మామకు కూడా. నువ్వు పోయి ఆ ఆకువక్క ఎనిక్కి ఇచ్చేస్తే సాలు. అంతా సక్కగా అవుతాది," అంది.

శివజ్యోతి ఈ ఇంటి వంశవృక్షం ఎప్పుడో గీసేసింది. మగవాళ్ళకు త్రికోణం, ఆడవాళ్ళకు గుండ్రం, పెళ్ళికి రెండు అడ్డగీతలు. వీరభద్ర త్రికోణానికీ భువన గుండ్రానికీ మధ్య ఆ గీతలు చుక్కలతో గీసి, 'అనుకున్న సంబంధం' అని కింద వివరం కూడా ఇచ్చింది. చూడముచ్చటగా వచ్చింది బొమ్మ. కానీ నోరు రానివాడికి ఏ గుర్తు వాడాలో, ఆ నోరు రాకపోవడాన్నే నమ్ముకున్న పిల్లకు ఏ గుర్తు వాడాలో ఏ పుస్తకంలోనూ లేదు. వాకిట్లో ఉన్నవాడి గుట్టు వంటింట్లో చెప్పకూడదు. వంటింట్లో విన్నది వాకిట్లో చెప్పకూడదు. మధ్యలో ఉన్న గడప మీద నిలబడి చెప్పుకోగలిగింది ఒక్కటే ఉంది, తన తప్పు.

సరే, అదైనా చెబుదామని పైట సర్దుకుని బయటికి నడిచింది. సరిగ్గా అప్పుడే వీధిలో కారు హారన్ మోగింది.

మేకలదొడ్డికి కారు రావడం వింతేమీ కాదు. ఆ కారు ముందు అద్దానికి వేలాడుతున్న ఆకుపచ్చ చిలక మాత్రం శివజ్యోతికి బాగా తెలుసు. ఎందుకంటే అది తను కొనిపెట్టింది.

"మీ నాయనోళ్ళు," అంది భీమక్క గడప దగ్గరికి వస్తూ. "ఆంజనేయ రేత్రి ఫోన్ జేసి మేమొస్తామంటే, మీ నాయన, మీరెందుకు, మేమే వస్తామన్యాడంట. ఎదురుబోయి తోలుకొని రాను పోయినాడు నా మొగుడు."

కారు ముందు సీట్లో తండ్రి, ఆంజనేయ. వెనక సీట్లో అమ్మ జీవమ్మ, ఒళ్ళో పూల పొట్లం. ఆమె పక్కన అన్న అరుణ్ కుమార్, ఎన్నడూ లేనిది ఇస్త్రీ చొక్కాలో. తల దువ్వుకుని ఉన్నాడు. ఇంతవరకు వచ్చిన సంబంధాలన్నిటికీ ఏదో ఒక వంక పెట్టిన మనిషి, కారు ఆగకముందే తలుపు పిడి మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు.

ఇక ఆగితే లాభం లేదు. శివజ్యోతి భీమక్క మోచెయ్యి పట్టుకుంది. "అత్తా... కాదు, పెద్దమ్మా. నేను సంబంధం చూడడానికి రాలేదు. ఆ ఆకువక్క ఏమిటో తెలియక తీసుకున్నా. తప్పు నాదే. మా వాళ్ళు దిగేలోపే చెబుతున్నా."

భీమక్క ముఖంలో నవ్వు చెదరలేదు. ఆ నవ్వు కారు వైపే ఉంది. మాట మాత్రం పెదవులు కదలకుండా శివజ్యోతి చెవిలో పడింది.

"నాకు తెలుసు. మెల్లగా మాట్లాడు, మీ యమ్మ ఇంటాది."

"తెలుసా?"

"మొదటి పొద్దే తెలుసు. పెండ్లికి విచారించను వచ్చిన ఆడది పొయ్యి చూస్తాది, పిల్ల నడక చూస్తాది. నువ్వు ఒక్కనాడన్నా నా పొయ్యి పక్క తిరిగినావా? మా ముత్తవ్వ పేరడిగినావు. ఏ మొగపెండ్లోళ్ళకు కావాల మా ముత్తవ్వ?"

"మరి తెలిసి ఎందుకు ఇచ్చారు ఆకువక్క?"

"వాని కోసం." భీమక్క కళ్ళు ట్రాక్టరు పక్కన తలొంచుకుని నిలబడ్డ తమ్ముడి మీదికి పోయి వచ్చాయి. "నేను పెంచినోడు. నా మాటకు తలకాయ ఊపుతానే ఉండాడు గానీ, ఇష్టమో కాదో ఇంతవరకు వాని నోట్లోంచి రాలేదు. ఇంకో సంబంధం వచ్చిందంటేనన్నా కోపమో సంతోషమో బయటపడతాదని చూసినా. మీ నాయన ఇంత తొందర మనిషని నాకేం తెలుసు?"

కారు ఆగింది. దుమ్ము లేచి పడసాల దాకా వచ్చింది. భీమక్క పైట నిండుగా కప్పుకుని, అతిథులకు చెయ్యెత్తి నమస్కారం పెడుతూనే, రెండో చేత్తో శివజ్యోతి మణికట్టు బిగించి పట్టుకుంది.

"వాళ్ళు గడప తొక్కినాక నేను ఏం చెప్పినా ఇంక ఎనిక్కి పోదు. తొందరగా చెప్పు. ఆ ట్రాక్టరు కాడ వాడు నీతో ఏమన్యాడు? వానికి భువన కావాల్నా, వద్దా?"

"నేను చెప్పకూడదు పెద్దమ్మా. ఒట్టేశాను."

"ఊరంతా ఇన్యాది నీ ఒట్టు. నోటితో చెప్పొద్దులే. కావాలంటే తలకాయ కిందికూపు, వద్దంటే అడ్డంగా ఊపు. తలకాయ ఊపితే ఒట్టు పోదు."

వెనక వంటింటి గడప మీద భువన వచ్చి నిలబడింది. ఎదురుగా వీరభద్ర తలెత్తి శివజ్యోతినే చూస్తున్నాడు. ఆమె మెడ బిగుసుకుపోయింది.

"శివా!" కారు దిగిన జీవమ్మ పూల పొట్లం గుండెకు హత్తుకుని, సంతోషం పట్టలేక, వీధిలోంచే పిలిచింది. "నాకు ఒక్క మాట చెప్పకుండా ఇంత పని చేసినావంటమ్మే! ఇటు చూడు!"

తల్లి పిలిస్తే తల తిప్పాలి. ఇప్పుడు తల ఎటు కదిలినా అది జవాబే అవుతుంది.